బౌలర్ బూట్లు ఎవరివి?

జనవరి సాయంత్రం. జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక చాయ్ హోటల్. బయట చెరుకు ట్రాక్టర్లు వరసగా ఫ్యాక్టరీ దిక్కు కదులుతున్నాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రాలీ ఎగిరినప్పుడల్లా రెండు మూడు గడలు జారి కింద పడుతున్నాయి. సరిగ్గా అక్కడే ఇద్దరు బడిపిల్లలు సైకిల్ చైను సర్దుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డారు.

లోపల మూల బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు. ఒకరు సివిల్ దావాలు చూసే వకీలు. నల్లకోటు కుర్చీ వీపుకు వేలాడుతోంది. ఇంకొకరు సర్కారు హైస్కూళ్లలో 30 ఏళ్లు పిల్లలను ఆడించి రిటైరైన పీఈటీ సారు. విజిల్ ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. సాసర్లో పోసుకుని చాయ్ తాగడం తప్ప ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదని హోటల్ కుర్రాడికి కూడా తెలుసు.

తగాదా చిన్నదే. టెన్నిస్ బంతి టోర్నమెంటు కోసం ఒక హార్డ్‌వేర్ దుకాణం సేటు జట్టు దించాడు. పక్క పల్లె నుంచి 20 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌ను మాట్లాడుకున్నాడు. టోర్నమెంటు మొత్తానికి 15,000 రూపాయలు. అడ్వాన్సు 5,000, పైన ఒక జత బూట్లు. కుర్రాడు మూడు మ్యాచులు ఆడి 9 వికెట్లు తీశాడు. సెమీఫైనల్ ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు బీదర్ దిక్కు ఎవరి జట్టుకో బంతులేస్తూ కనిపించాడు. ఇక్కడ సేటు జట్టు ఓడింది. సేటు పోయి పీఈటీ సారును పట్టుకున్నాడు, కుర్రాడి తండ్రి వకీలు దగ్గరికి వచ్చాడు. స్టేషనూ వద్దు, కోర్టూ వద్దు, మీరిద్దరూ కూచుని ఏది చెబితే అదే అన్నారు. అలా కూచున్న ఇద్దరూ గంట నుంచి ఆ కుర్రాడి సంగతి తప్ప అన్నీ మాట్లాడుతున్నారు.

"ఇందుల తేల్చనీకి ఏమున్నది వకీల్ సాబ్?" అన్నారు సారు. "సంతకం పెట్టిండు, పైసలు తీస్కున్నడు, నడిమిట్ల పోయిండు. నాకు ఆ పోరడు చిన్నప్పటి సంది ఎరుకే, మంచోడే. కాని తప్పు తప్పే. 2010ల రవీంద్ర జడేజాకు ఏమైంది? రాజస్థాన్ రాయల్స్‌తోని కాయిదం ఉండంగనే ముంబైతోని బేరానికి పోయిండని ఐపీఎల్ వాళ్లు ఏడాది ఆడనియ్యలే. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. చిన్నపిలగాడని విడిచిపెట్టిండ్రా?"

"లేదు."

"హ్యారీ బ్రూక్‌ను చూడుండ్రి. వేలంల ఢిల్లీ వాళ్లు 6.25 కోట్లు పెట్టి కొన్నరు. 2025 సీజన్ మొదలైతదనంగ రానన్నడు. రెండేండ్లు రానియ్యకుంట చేసిండ్రు. ఎందుకంటరు? ఒక్కడు ఆఖరు నిమిషంల చెయ్యిస్తే తక్కిన 10 మంది పొద్దుగాల లేచి చేసిన కసరత్తు మట్టిల కలుస్తది. కాంట్రాక్టంటే సేటు, పోరడు ఇద్దరే కాదు. ఆ 10 మంది గూడ ఉంటరు. వాళ్ల తరఫున మాట్లాడెటోళ్లు ఎవ్వరు?"

ఇది తేలికగా తోసేసే మాట కాదు. ఆటగాడి స్వేచ్ఛ గురించి రాసేవాళ్లు చాలామంది ఈ 10 మందిని మరిచిపోతారు. సెమీఫైనల్లో చివరి రెండు ఓవర్లు ఎవరు వెయ్యాలో తెలియక దిక్కులు చూసింది సేటు కాదు, వాళ్లే.

వకీలు సాసర్ కింద పెట్టారు. "జడేజాకు రూలు పెట్టింది లీగు, నేరం మోపింది లీగు, శిక్ష వేసింది లీగు. ముగ్గురూ ఒకరే. కోర్టు దాకా పోయిన బౌలర్ కథ చెప్తా వినుండ్రి. మన ఊరి పేరుల ఆయన పేరే ఉన్నది."

జహీర్ ఖాన్ కేసు అది. 2000లో, భారత జట్టులోకి వచ్చిన కొత్తలో, ఆయన పర్సెప్ట్ డిమార్క్ అనే కంపెనీతో మూడేళ్ల ఒప్పందం రాసుకున్నాడు. ప్రకటనలు, ప్రచారం, బయటి సంపాదన అంతా ఆ కంపెనీ చూస్తుంది. అందులో ఒక మెలిక ఉంది. గడువు తీరాక వేరే కంపెనీ ఎవరైనా బేరం పెడితే ఆ బేరం ముందు పర్సెప్ట్‌కు చూపించాలి. వాళ్లు అంత ఇస్తామంటే వాళ్లకే పోవాలి. 2003లో గడువు తీరింది. జహీర్ వేరే కంపెనీకి పోయాడు. పర్సెప్ట్ బొంబాయి హైకోర్టుకెక్కింది. ఒక్క జడ్జి ముందు గెలిచింది, ఇద్దరు జడ్జిల బెంచి ముందు ఓడింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ బెంచి మాటే ఖాయం చేసింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి తన వృత్తి తాను చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం చెల్లదు. గడువు తీరాక కూడా వెంటాడే షరతు అలాంటిదేనని తేల్చింది.

"మంచి కేసే," అన్నారు సారు, తొణకకుండా. "కాని రెండు ముచ్చట్లు. ఒకటి, అది టీము కాదు, అడ్వర్‌టైజ్‌మెంట్ల కంపెనీ. రెండు, జహీర్ పోయింది గడువు అయిపోయినంక. మీవాడు పోయింది సెమీఫైనల్ నాడు."

వకీళ్లు పాయింటు పోగొట్టుకున్న చోట చాయ్ చెబుతారు. ఈయనా చెప్పారు. అంతటితో ఆగకుండా ఎదుటి పక్షానికి ఇంకో అస్త్రం కూడా తనే అందించారు, వృత్తి అలవాటు కొద్దీ. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం మనిషి సొంత నైపుణ్యంతో చేసే పనిని బలవంతంగా చేయించమని కోర్టు చెప్పదు. నువ్వు పోయి ఆ సేటుకే బంతి వెయ్యి అని ఏ జడ్జీ అనడు. కాని ఒప్పందం నడుస్తుండగా వేరేవాళ్లకు వెయ్యనని రాసిచ్చి ఉంటే, 42వ సెక్షన్ కింద ఆ వేరేవాళ్లకు వెయ్యకుండా ఆపవచ్చు.

"అట్లయితే మీరే ఒప్పుకున్నట్టు."

"ఆపనీకి వచ్చెటోడు తన మాట తను నిలబెట్టుకున్నడా అని కోర్టు ముందు చూస్తది సారూ. నా కేసంత ఆడనే ఉన్నది. అమెరికాల బేస్‌బాల్ ఆడెటోడు ఒకాయన ఉండె. జిమ్ హంటర్. ఆయన కూడ బంతి విసిరెటోడే, పిచ్చర్ అంటరు. ఆయన కూడ రైతు బిడ్డనే."

నార్త్ కరోలినా పల్లెటూరి కౌలు రైతు కొడుకు హంటర్. వేటలో పొరపాటున తుపాకీ పేలి చిన్న కాలివేలు పోయిన పాదంతోనే 1964లో ప్రొఫెషనల్ జట్టుకు సంతకం పెట్టాడు. జట్టు యజమాని చార్లీ ఫిన్లీకి పేరు మరీ సాదాగా అనిపించింది. పబ్లిసిటీకి పనికొచ్చే పేరు కావాలని 'క్యాట్‌ఫిష్' అన్నాడు, అంటే జెల్ల చేప. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి చేపలు పట్టాడని ఒక కథ కూడా అల్లిపెట్టాడు. ఊళ్లో హంటర్‌ను ఎవరూ అలా పిలవలేదు. దేశమంతా అలాగే పిలిచింది.

"పేరు గూడ ఓనరే పెట్టిండన్నమాట," సారు నవ్వారు.

"పేరొక్కటే కాదు, అప్పు గూడ పెట్టిండు."

పొలం కొనుక్కోవడానికి ఫిన్లీ 1,50,000 డాలర్లు చేబదులిచ్చాడు. ఆనక సీజన్ నడుస్తుండగానే తిరిగి కట్టమని వెంటపడ్డాడు. హంటర్ కొన్న నేలలో చాలావరకు అమ్మి బాకీ తీర్చుకున్నాడు. ఈ ముక్క చెబుతున్నప్పుడు వకీలు గొంతు కాస్త మారింది. అప్పిచ్చిన చోటికే పంట తోలి, పంట పైసల్లోంచి అప్పు కోత పోగా మిగిలింది లెక్కపెట్టుకునే జనం మధ్య పెరిగిన మనిషి ఆయన.

అసలు పేచీ 1974లో వచ్చింది. హంటర్ జీతం ఏడాదికి 1,00,000 డాలర్లు. సగం మామూలు జీతంగా ఇవ్వాలి. మిగతా 50,000 బీమా కంపెనీకి కట్టాలి, ఆట మానేశాక అది పింఛనుగా వస్తుంది. అలా కడితే తనకు వెంటనే పన్ను తగ్గదని తెలిసి ఫిన్లీ ఆ సగం కట్టలేదు. హంటర్ మనుషులు అడుగుతూనే ఉన్నారు, ఆయన దాటవేస్తూనే ఉన్నాడు. ఆటగాళ్ల ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: జట్టు మాట తప్పితే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు, 10 రోజుల్లో దిద్దుకోకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. హంటర్ నోటీసు ఇచ్చాడు. 10 రోజులు గడిచాయి. అక్టోబరులో ఫిన్లీ చెక్కు పట్టుకొచ్చాడు, ఇదిగో నీ 50,000 నువ్వే తీసుకో అని. హంటర్ తీసుకోలేదు.

"అగో! పైసలు చేతికిస్తుంటే వద్దన్నడా?"

"రాసుకున్నది చేతికియ్యమని కాదు, బీమా కంపెనీకి కట్టమని. చేతికొస్తే అప్పటికప్పుడే పన్ను కట్టాలె. పైంగ గడువు దాటింది."

"ఆడుడు మానేసిండా మరి?"

ఆ ప్రశ్న దగ్గర వకీలు ముందుకు వంగారు. మానలేదు. ఆ సీజన్లో 25 గెలుపులు తెచ్చి, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. ఆయన ఆడిన ఓక్లండ్ జట్టు వరసగా మూడోసారి వరల్డ్ సిరీస్ నెగ్గింది. తగాదా ఒక దారిన, బంతి ఒక దారిన నడిచాయి. డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పిచ్చాడు: యజమాని మాట తప్పాడు, ఒప్పందం తెగింది, ఆ 50,000 వడ్డీతో కట్టాలి, హంటర్ ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. అహోస్కీ అనే చిన్న ఊళ్లో ఆయన లాయర్ ఆఫీసుకు జట్ల పెద్దలు వరస కట్టారు. డిసెంబరు 31న న్యూయార్క్ యాంకీస్‌తో 5 ఏళ్లకు సంతకం అయింది, 30 లక్షల డాలర్ల పైచిలుకే. నిన్నటిదాకా ఏడాదికి లక్ష.

పీఈటీ సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయన అన్న మాట వకీలు ఊహించింది కాదు. "సెమీఫైనల్ ఆడి, కప్పు గెలిపించి, అప్పుడు లొల్లి పెట్టుకున్నడన్నట్టు. మీవాడు గూడ గట్లనే చేస్తే నేను ఈడ కూచుందునా?"

రెండో పాయింటు కూడా సారుదే.

"సరే, ఆ అమెరికా పిచ్చర్లు అంతకుముందు ఎందుకు పోలేకపోయిండ్రో తెలుసా మీకు?" వకీలు ఇప్పుడు ఇంకో గట్టు నుంచి వచ్చారు. "రిజర్వ్ క్లాజు. మీకు బాగనే సమజైతది. మీకు 4 ఎకరాల చెరుకుంది కదా."

బేస్‌బాల్ జట్లు సుమారు 100 ఏళ్ల పాటు నడిపిన ఏర్పాటది. ఏడాది ఒప్పందం తీరాక అదే ఆటగాడిని అదే జట్టు మరో ఏడాదికి పొడిగించుకోవచ్చు. పొడిగించిన ఒప్పందంలో మళ్లీ ఆ పొడిగింపు షరతూ ఉంటుంది, దానిలో మళ్లీ ఉంటుంది, అంతే లేకుండా. జట్టు వద్దనుకునేదాకా ఆటగాడు దానివాడే. 1966లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్లు సాండీ కోఫాక్స్, డాన్ డ్రైస్‌డేల్ జోడీ కట్టి సాధనకు రాకుండా ఇంట్లో కూచున్నారు. ఇద్దరికీ కలిపి మూడేళ్లకు 10 లక్షల డాలర్లు అడిగారు. అంతకుముందు ఏడే జట్టును గెలిపించిన వాళ్లు. నెలరోజుల తర్వాత 1,25,000కు ఒకరు, 1,10,000కు ఒకరు ఒప్పుకున్నారు. వేరే జట్టు ఏదీ వాళ్లను పిలవడానికి లేదు మరి.

"అదే 1966ల మన దగ్గర షుగర్‌కేన్ కంట్రోల్ ఆర్డర్ వచ్చింది," అన్నారు వకీలు. "ఈ ఊర్లన్ని ఈ ఫ్యాక్టరీకి అని గిరి గీసే అధికారం అందుల ఉన్నది. గిరి లోపలి చెరుకు ఆ ఫ్యాక్టరీకే పోవాలె. కటింగ్ ఆర్డర్ వచ్చినప్పుడే నరకాలె. మీ చెరుకు గూడ కోఫాక్స్ అసొంటిదే సారూ. పొలంల నిలబడి ఎండుతది కాని, పక్క జట్టుకు పోరాదు."

సారు నవ్వలేదు. చెరుకు నరికిన రోజు నుంచి తేమ పోతూనే ఉంటుంది. ఎన్ని రోజులు ఆలస్యమైతే తూకంలో అంత నష్టం. ఫాస్ట్ బౌలర్ వయసూ అంతే. 20 నుంచి 30 దాకా, మోకాలు బాగుంటే. కోఫాక్స్ ఆ ఏడాది ఆడి 30 ఏళ్లకే చేతి నొప్పితో ఆట మానేశాడు. బేరంలో ఆగగలిగిన పక్షానిది ఎప్పుడూ పైచెయ్యి. చక్కెర బస్తా గోదాములో ఆగుతుంది, చెరుకు ఆగదు.

"గిరి గీసుడు ఒక్కటే చెప్పి ఇంకోటి దాస్తున్నరు మీరు," సారు వేలు చూపించారు. "అదే ఆర్డర్‌ల 14 రోజులల్ల పైసలియ్యాలని ఉన్నది. దాటితే ఏడాదికి 15 శాతం మిత్తి. కట్టేసుడు ఉన్నకాడ కాపాడుడు గూడ ఉన్నది."

"ఉన్నది. మీకు మిత్తి ఎన్నిసార్లు వచ్చింది?"

జవాబు రాలేదు. బయట ఒక ట్రాక్టర్ స్పీడ్ బ్రేకర్ దాటింది, పిల్లలకు ఈసారి మంచి గడే దొరికింది.

కాని సారు వదిలే మనిషి కాదు. విత్తనం చెరుకు ఇచ్చింది ఫ్యాక్టరీ, ఎరువులకు అప్పు ఇప్పించింది ఫ్యాక్టరీ, తీరా పంట చేతికొచ్చాక సరిహద్దు అవతల టన్నుకు కొంచెం ఎక్కువిస్తున్నారని రాత్రికి రాత్రి లారీ ఎక్కించే రైతులూ ఉన్నారు. వాళ్లను ఏమనాలి? అందరూ అలా చేస్తే వచ్చే ఏడు విత్తనం ఎవరిస్తారు? టీమైనా అంతే. ఎవరో ఒకరు ముందు పెట్టుబడి పెడితేనే కుర్రాడు బౌలర్ అవుతాడు. పెట్టినవాడికి తిరిగి రాకపోతే పెట్టడం మానేస్తాడు.

"సేటు ఆ పోరనికి ఏం పెట్టుబడి పెట్టిండు? బంతి పట్టుడు నేర్పిండా?"

"బూట్లు కొనిచ్చిండు."

వకీలు బూట్ల సంగతి పట్టించుకోలేదు. ఆయన మనసు 2012 మీద ఉంది. హైదరాబాద్ వాళ్లు ఇప్పటికీ సగం కోపంతో, సగం బెంగతో తలుచుకునే డెక్కన్ చార్జర్స్ మీద. 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు గెలిచిన జట్టు. మూడేళ్లకే యాజమాన్య కంపెనీ అప్పుల్లో మునిగింది, ఆటగాళ్లకు డబ్బులు ఆగిపోయాయి. 2012 ఆగస్టు 16న బీసీసీఐ నోటీసు ఇచ్చింది: 30 రోజుల్లో తప్పులు దిద్దుకోవాలి. సెప్టెంబరు 14న జట్టును రద్దు చేసింది. లెక్కపెట్టి చూస్తే గడువు ముగియడానికి ఇంకా ఒక రోజుంది.

"ఆ ఒక్కరోజు ఖరీదు ఎంతనుకున్నరు? 2020ల మధ్యవర్తి, రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి, రద్దు చెల్లదన్నడు. బోర్డు 4,814 కోట్లు కట్టాలె, మీదికెంచి మిత్తి అన్నడు."

"2021ల బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది కదా. అది చెప్పరేంది?"

"చెప్తున్న. కొట్టేసింది. కాని చూడుండ్రి, ఓనరు 29వ రోజా 30వ రోజా అని ఎనిమిదేండ్లు కొట్లాడనీకి పెద్ద పెద్ద వకీళ్లు దొరికిండ్రు. అదే నోటీసుల, ఆటగాళ్లకు జీతాలు ఇయ్యలేదన్నది మొదటి తప్పులల్ల ఒకటి. వాళ్లకు ఎన్ని రోజులు దాటినయో లెక్కపెట్టిందెవరు?"

"వాళ్లు టీముల ఉన్నరు కాబట్టి బతికిండ్రు!" సారు గొంతు పెరిగింది. "డేల్ స్టెయిన్ రోడ్డున పడ్డడా? అక్టోబరుల సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్లకు టీము తీస్కున్నరు. 2013ల అదే స్టెయిన్ సన్‌రైజర్స్‌కు బంతి వేసిండు. పేరు మారింది, రంగు మారింది, ఊరు మారలే. పైసలు ఆలస్యమైనయని 25 మంది నడి సీజన్ల 25 దిక్కులు పోతే ఏం మిగులు?"

ఇక్కడ ఇద్దరూ ఒకే జట్టు అభిమానులని అర్థమైంది. చర్చ కొంచెంసేపు 2009 ఫైనల్ దగ్గర ఆగింది. 6 పరుగులతో గెలిచిన ఆ రాత్రి గురించి ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడారు. తగాదా లేని ఆ నాలుగు నిమిషాల గురించి ఇక్కడ రాయడానికి ఏమీ లేదు.

మళ్లీ మొదలుపెట్టింది సారే, అంబటి రాయుడితో. 2007లో జీ సంస్థల సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ జట్టులో చేరిన కుర్రాళ్లలో రాయుడు ఒకడు. అప్పటికి ఇంకా 22 ఏళ్లు నిండలేదు. అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు కెప్టెన్‌గా చేసినవాడు. బోర్డు వాళ్లందరికీ తలుపులు మూసేసింది. 2008లో హీరోస్ ఆ లీగ్‌లో కప్పు గెలిచింది. మరుసటేడు లీగే మూతపడింది, జీతాలు బాకీపడ్డాయని ఆటగాళ్లు మొత్తుకున్నారు. 2009లో బోర్డు క్షమాభిక్ష పెడితే రాయుడు తిరిగొచ్చాడు. భారత్ తరఫున తొలి వన్డే 2013 జులైలో, హరారేలో, 63 నాటౌట్.

"పైసలకు ఆశపడి పోయిండు, మంచి ఈడంత పోగొట్టుకున్నడు. మన పోరనికి గూడ గదే చెప్పాలె మనం."

"బోర్డుతోని ఆయన రాసుకున్న కాంట్రాక్టు ఏది?"

సారు ఆగారు.

"రంజీ ఆడెటోళ్లకు అప్పుడు మ్యాచ్ ఫీజే. కాంట్రాక్టు లేదు. న్యూజిలాండ్ ఫాస్ట్ బౌలర్ షేన్ బాండ్ గూడ అదే లీగుకు సంతకం పెట్టిండు, 2008 జనవరిల వాళ్ల బోర్డు ఆయన కాంట్రాక్టు రద్దు చేసింది. అదన్న ఒక తీరు. కాయిదం ఉన్నది, చించిండ్రు. రాయుడి దగ్గర చించనీకి కాయిదమే లేదు. రాసుకోని ఒప్పందం తెంపిండని ఆయనకు శిక్ష. ఆటగాడు పోతే ద్రోహం, టీము తీసేస్తే స్ట్రాటజీ. మన సిరాజ్ బెంగళూరుకు 7 సీజన్లు వేసిండు. విడిచిపెట్టినప్పుడు ద్రోహం అన్నరా ఎవరన్న?"

ఈసారి చాయ్ చెప్పింది సారు.

ఆ చాయ్ వచ్చేలోపే ఆయన ఫోన్ తీసి సేటు పంపిన ఫొటో బల్ల మీద పెట్టారు. గంట నుంచి చూడని కాగితం. చేత్తో రాసింది, రెవెన్యూ స్టాంపు అతికించింది. ఇద్దరూ కళ్లద్దాలు సవరించుకుని తలలు దగ్గర పెట్టి చదివారు. టోర్నమెంటు అయ్యేదాకా వేరే టీముకు ఆడను, అని ఉంది. సారు ముఖం వెలిగింది. కింద ఇంకో వరస: మిగతా 10,000 రూపాయలు ఇచ్చే తారీఖు, అని రాసి, ఆ తర్వాత చుక్కలు. చుక్కల మీద ఏమీ లేదు.

"ఖాళీ అంటే టోర్నమెంటు అయినంక అని," అన్నారు సారు.

"ఖాళీ అంటే ఖాళీ. గడువు రాయనప్పుడు సమంజసమైన టైముల ఇయ్యాలని కాంట్రాక్ట్ చట్టం, 46వ సెక్షన్. సమంజసం అంటే ఎంత? మూడు మ్యాచులు ఆడినంక రెండుసార్లు అడిగిండట. సేటు రేపన్నడట."

"నోటీసిచ్చిండా మీవాడు, ఆ చేపలాయన లెక్క?"

"20 ఏండ్ల పోరడు సారూ, నోటీసంటె వానికేమెరుక? వాట్సాప్‌ల 'అన్నా పైసలు' అని పెట్టిండు."

"అది నోటీసా?"

వకీలు నోరు తెరిచి, మూసుకున్నారు. అది నిజంగానే మంచి ప్రశ్న. 10 రోజులు, 14 రోజులు, 30 రోజులు అని గంటసేపు లెక్కలు కట్టిన ఇద్దరి ముందు ఇప్పుడు ఒక ఖాళీ గీతా, ఒక వాట్సాప్ మెసేజూ ఉన్నాయి. ఆ మెసేజ్‌కు నీలం టిక్కులు పడ్డాయా అని వకీలు అడుగుతుండగా బయట బైకు ఆగింది.

కుర్రాడే. పొడుగ్గా, భుజం కొంచెం వంచి నడుస్తున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఇద్దరికీ నమస్తే పెట్టి, కూచోమన్నా కూచోకుండా నిలబడ్డాడు.

"సారూ, సేటు బూట్లన్న వాపస్ తెమ్మన్నడు. ఇయ్యాల్నా?"

కవరులోంచి తీసి బల్ల కింద పెట్టబోతే సారే అందుకున్నారు. తెల్ల బూట్లు, ఎర్రమట్టి పట్టి ఉన్నాయి. ఎడమ బూటు ముందు, బొటనవేలు ఉండే చోట, బ్లేడుతో గుండ్రంగా కోసిన రంధ్రం. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా ఎడమ పాదం మీద పడుతుంది. బొటనవేలు ముందుకు తన్నుకుని గోరు నల్లబడి ఊడిపోతుంది. వేలికి చోటివ్వడానికి చేసే కోత అది. ఇక ఆ బూటు ఇంకెవరికీ పనికిరాదు, దుకాణం వాడూ తీసుకోడు.

వకీలు దగ్గర దీనికి సెక్షన్ లేదు. సారు దగ్గర జడేజా లేడు. ఆయన రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశారు. కోత నీటుగా ఉంది, అంచులు లేవకుండా దారం కూడా వేసి ఉంది.

"కొత్త బూటును ఇట్ల కొయ్యమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మీరే సార్. తొమ్మిదో తరగతిల."

సారు బూటును పక్క కుర్చీ మీద పెట్టి, మూడో చాయ్ చెప్పారు.